లావు టైలరమ్మ పెరడు

ఆ వీధిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాళ్ళు ఇద్దరుండేవారు. ఇద్దరినీ టైలరమ్మ అనే పిలిచేవారు కాబట్టి, ఎవరి సంగతి చెబుతున్నారో తెలియడానికి ఒకామెను మూలమీది టైలరమ్మ అనీ, ఈమెను లావు టైలరమ్మ అనీ అనడం అలవాటైంది. ఈమె దానికి బాధపడ్డట్టు కనిపించేది కాదు. కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడి "టైలరమ్మ ఇల్లు ఇదేనా?" అని అడిగితే మిషను మీంచి తల ఎత్తకుండా, "మూలమీదామె కావాలా, లావామె కావాలా? లావామె అయితే వెతుక్కోవక్కర్లేదు, అడ్డంగా కూర్చునే ఉంది" అనేది.

ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడవారగా గుడ్డ పరిచి కత్తిరించే బల్ల, తలుపు వెనక నిలువుటద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక చెక్క కుర్చీ. కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళందరూ ఎంత దూరమైనా ఆమె దగ్గరికే వచ్చేవారు. అందుకు కారణముంది. ఆమె కొలతలు పైకి చదివేది కాదు. నడుము చుట్టూ టేపు తిప్పి, అంకె చూసుకుని, పెదవి కదపకుండా గుడ్డ మూలన సుద్దముక్కతో రాసుకునేది. ఎవరైనా భయంభయంగా "ఎంతుందేంటి?" అని అడిగితే "నాకంటే తక్కువేలే" అనేది. ముందుముందు వదులు చేసుకోవాల్సి వస్తుందేమోనని కుట్టు లోపల గుడ్డ కొంచెం ఎక్కువే వదిలేది. ఆ మాట కూడా వాళ్ళతో అనేది కాదు.

భర్త ఇళ్ళకు కరెంటు వైరింగు చేసేవాడు. వెదురుబద్దలాంటి మనిషి, మాట తక్కువ. ఆయన అక్క రెండు వీధుల అవతల ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక్కతే. ఆవిడా ఒళ్ళున్న మనిషే. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు ఏదో ఒకటి వండి గిన్నెలో పట్టుకొచ్చేది. వదినామరదళ్ళిద్దరూ వంటింటి గడప మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తినేవారు.

"మనిద్దరం ఒక్క గడప మీద పట్టామంటే ఆశ్చర్యమే వదినా" అనేది టైలరమ్మ.

"మనం పట్టలేదే, గడపే సర్దుకుంది" అనేది ఆవిడ.

వాళ్ళిద్దరి నవ్వుల మధ్య పెరిగింది ఒక్కగానొక్క కూతురు. ఒళ్ళు తల్లిది, మౌనం తండ్రిది. స్కూలు నుంచి వచ్చి ఆ పళ్ళెంలోనే చెయ్యి పెట్టి, అత్త ఒళ్ళో తల పెట్టుకుని పాఠాలు చదువుకునేది.

ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి టైలరమ్మ వెళ్ళింది. అక్కడ వేసిన ప్లాస్టిక్ కుర్చీ ఆమె కింద ఫెళ్ళుమని విరిగింది. అందరి మధ్యా వెల్లకిలా పడింది. లేవదీయడానికి టీచర్లూ ఆయాలూ అందరూ రావలసి వచ్చింది. వెనక వరసలో కూతురి క్లాసు పిల్లెవరో కిసుక్కుమంది. టైలరమ్మ కూడా నవ్వి, "నాకేం కాలేదు, పాపం కుర్చీని చూడండి" అంది. కానీ ఇంటికొచ్చాక ఆ రోజు మిషను ముందు కూర్చోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మోకాళ్ళు అరిగిపోతున్నాయని, సుగరు అదుపులో లేదని, నిద్రలో ఊపిరి ఆగుతోందని డాక్టరు అంతకుముందు నుంచే చెబుతున్నాడు. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒకటుందని చెప్పినప్పుడల్లా ఆమె హాస్యమాడి తప్పించుకునేది. కుర్చీ విరిగాక మాత్రం తనే వెళ్ళి, చెయ్యండి అంది. వదిన మాత్రం వద్దని గోల పెట్టింది. "ఉన్న కడుపు కోయించుకోవడమేంటే? తిండి తగ్గిస్తే పోలా?" అంది.

"ఇన్నేళ్ళూ తగ్గించలేని దాన్ని ఇప్పుడు తగ్గిస్తానా వదినా. నా పిల్ల నా వల్ల తల దించుకోకూడదు" అంది టైలరమ్మ.

డాక్టర్లు కడుపులో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుట్టేశారు. "వాళ్ళూ టైలర్లేనండీ. నేను పైన వదులు బట్ట పట్టేస్తాను, వాళ్ళు లోపల కడుపు పట్టేశారు" అని చూడవచ్చినవాళ్ళకు చెప్పింది. అది ఆమె ఆడిన చివరి మంచి హాస్యం అని తరవాత్తరవాత అనేవారు.

మొదటి వారాలు నీళ్ళూ పలచటి రసాలూ తప్ప ఏవీ దిగలేదు. మెత్తగా మెదిపినది తినవచ్చన్నాక కూడా రెండు చెంచాలకే గుండెల మీద రాయి పెట్టినట్టయ్యేది. తీపి నోట పెడితే చెమటలు పట్టి, గుండె దడదడలాడేది. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. వీటన్నిటికీ ఓర్చుకుంది గానీ, సాయంత్రం కొట్టు కట్టేశాక ఆ గంట గడపడమే ఆమెకు చేతకాలేదు. ఆకలి పోయింది, ఆకలి వేళ పోలేదు. చెయ్యి ఊరికే డబ్బాల వైపు వెళ్ళేది. ఆ చేతికి పని కావాలని వెనక పెరట్లోకి వెళ్ళింది.

పెరడంటే పెద్దదేం కాదు. బట్టలుతికే రాయికీ వెనకగోడకూ మధ్య మనిషి పడుకుంటే సరిపోయేంత నేల. అక్కడ తవ్వి, ఇటుక ముక్కలు ఏరి, పాలకూర చల్లింది. భర్త పని చేసే ఇళ్ళలో మిగిలిన రంగు డబ్బాలు తెప్పించి అడుగున బెజ్జాలు పొడిచి టమాటాలు వేసింది. గోడ మీదికి సొరపాదు ఎక్కించింది. బట్టల కత్తిరింపుల్లో మిగిలిన పీలికలను పురికొసల్లా పేని, చిక్కుడు తీగలకు ఊతంగా కట్టింది. పగిలిన టబ్బులో కూరగాయల తొక్కలూ ఎండుటాకులూ పొరలు పొరలుగా పరిచి ఎరువు మాగబెట్టింది. ముందు గుడ్డో గింజలో తినాలి, ఆ తరవాతే మెత్తగా ఉడికిన కూర తినాలి, బాగా నమలాలి, అన్నంతో నీళ్ళు తాగకూడదు అని ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి చెప్పింది. ఇంట్లో పెంచుకున్నదైతే ఇంకా మంచిదని కూడా ఒక మాట అంది.

తొలి సొరకాయను వేలి గోరు దిగేంత లేతగా ఉన్నప్పుడే కోసింది. ఉప్పు వేసి ఉడికించి, చిన్న గిన్నెలో పెట్టుకుని, ఉతుకుడు రాయి మీద కూర్చుని మెల్లగా తిన్నది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నాలుకకు రుచి తెలిసింది. కళ్ళు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. ఆ సంతోషంలో కల్తీ లేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఒళ్ళు కరిగేకొద్దీ ఆమెలో పట్టుదల పెరిగింది. పాత జాకెట్లు లోపలికి పట్టేసుకుని, మళ్ళీ పట్టేసుకుని, చివరికి కొత్తవి కుట్టుకుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళను ఊరికే పంపేది కాదు. టేపు నడుము చుట్టూ ఉండగానే, "రాత్రి ఏం తింటారు? పొద్దున? అందులోనే ఉంది అసలు సంగతి. నన్ను చూడండి" అనేది. పెరట్లోకి తీసుకెళ్ళి పాదులు చూపించేది. ఒకామె అద్దం ముందు నుంచి మెల్లగా తప్పుకుని, "బట్టలు కుట్టించుకుందామని వచ్చానమ్మా, బుద్ధులు కుట్టించుకుందామని కాదు" అని గుడ్డ మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. ఒళ్ళున్నవాళ్ళంతా ఒక్కొక్కరే మూలమీది టైలరమ్మకు మళ్ళారు. వీధిలో పేరు మాత్రం మారలేదు. ఎముకలు తేలాక కూడా ఆమె లావు టైలరమ్మే.

వదిన ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని వచ్చేది. టైలరమ్మకు పడదని తెలుసు, మేనకోడలి కోసమని తెచ్చేది. ఒక సాయంత్రం టైలరమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఇలాంటివి ఇంట్లోకి తేవద్దు వదినా. పిల్ల చూస్తుంది."

"చూస్తే ఏమవుతుందే?"

"ఏమవుతుందో నిన్నూ నన్నూ చూస్తే తెలియట్లేదా?"

ఆవిడ గిన్నె మీది మూత ఒకసారి సరిచేసుకుని వెనక్కి తిరిగింది. తరవాత ఆ గడప మీద కూర్చోవడానికి రాలేదు.

ఇక మిగిలింది కూతురు. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది టైలరమ్మకు ఊతపదమైంది. బిస్కెట్ల డబ్బా పోయింది, వంటింటి బీరువాకు తాళం పడింది. పొద్దున్నే లేచి పాదులకు నీళ్ళు మోయడం పిల్ల పని. ఒంటికి కదలిక ఉంటుందని. మధ్యాహ్నానికి డబ్బాలో ఉడికించిన చిక్కుడు గింజలూ గుడ్డూ పెట్టేది. రాత్రికి ఆకుకూర. తను తినే చిన్న గిన్నె పక్కన కూతురికీ అలాంటి గిన్నే పెట్టింది. తన కడుపు కోసినదనీ, పిల్లది కోయనిదనీ ఆమెకు తోచలేదు.

ఆదివారం ఆదివారం అద్దం ముందు నిలబెట్టి కొలిచేది. ఎవరికీ కొలతలు పైకి చెప్పని మనిషి, కూతురి కొలతలు మాత్రం గట్టిగా చదివేది. కొట్టులో ఎవరైనా ఉంటే ఇంకా నవ్వుతూ చెప్పేది. "నేను వదిలిన ఒళ్ళంతా ఎక్కడికి పోయిందనుకున్నారు? ఇదిగో, ఇక్కడ దాచాను." వచ్చినవాళ్ళు నవ్వేవారు. పిల్ల చేతులు రెండూ పక్కలకు చాపి, టేపు తీసేశాక కూడా కాసేపు అలాగే నిలబడేది.

భర్త ఒక్కసారి నోరు తెరిచాడు. "దాన్ని కొంచెం వదిలెయ్యరాదూ?"

"మీరు సన్నగా పుట్టారు. జనం నవ్వితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?" అంది.

ఆ తరవాత నుంచి ఆయన పని దగ్గరే ఏదో ఇంత తిని వచ్చేవాడు.

కొన్నాళ్ళకు పిల్ల తగ్గడం మొదలుపెట్టింది. టైలరమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. యూనిఫాం పక్కలు పట్టేసింది. "చూశారా, మా పెరటి మహిమ" అని వీధంతా చెప్పింది. పిల్ల ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంటే, పెద్దదవుతోంది, సిగ్గు అనుకుంది. స్నానాలగదిలో నీళ్ళు పోయే బెజ్జం దగ్గర జుట్టు ఉండలు కట్టి కనిపిస్తే, తన జుట్టు ఇంకా ఊడుతోందనుకుని విసుక్కుంది.

ఒకరోజు మొక్కలకు ఎరువు వేద్దామని టబ్బులో గరిటెతో తవ్వింది. ఎండుటాకుల పొర కింద ఉడికించిన చిక్కుడు గింజలు, గుడ్ల ముక్కలు, పాలకూర ముద్దలు, కొన్ని బూజు పట్టి, కొన్ని తాజాగా కనిపించాయి. రోజూ ఆమె తన చేత్తో వండినవే. అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. పిల్ల ఇక్కడ పారేస్తోందంటే ఇంకెక్కడో తింటోంది. ఎక్కడో ఆలోచించనక్కరలేదనుకుంది. చేతులు కడుక్కోకుండానే వదిన ఇంటికి నడిచింది.

వదిన గుమ్మంలో కూర్చుని పాత దిండు గలేబు తీసి కొత్తది తొడుగుతోంది.

"నా పిల్లకు ఏం పెడుతున్నావు?" అంది టైలరమ్మ.

"నీ పిల్ల నా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళైందో నీకు తెలుసా?"

"అబద్ధాలాడకు. నేను వండింది మట్టిలో పారేస్తోంది. నీ దగ్గర తినకపోతే ఎలా బతుకుతోంది?"

వదిన దిండు పక్కన పెట్టింది. "ఏమంటున్నావే? పారేస్తోందా?"

"నాకంతా తెలుసు. నీకు పిల్లల్లేరు. తిండి పెట్టి నా పిల్లను లాక్కుందామని చూస్తున్నావు."

వదిన ముఖం మాడిపోయింది. గోడ పట్టుకుని లేచింది.

"నన్నన్న మాట నా దగ్గరుంటుందిలే. నా దగ్గర తినట్లేదు, నీ దగ్గర తినట్లేదు. మరి ఎక్కడ తింటోందో ముందు ఇంటికెళ్ళి చూసుకో."

దారిలో ఆ ప్రశ్న టైలరమ్మ వెంట వచ్చింది. కానీ కోపం దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వదిన మాట నిజమైతే తన మాట అబద్ధమవుతుంది, అది ఆమెకు మింగుడుపడేది కాదు. ఆ రోజు నుంచి కూతురి ఎదురుగా కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలకుండా చూసింది. పిల్ల ఒక్క మాట అనకుండా తినేది. తినగానే స్నానాలగదిలోకి వెళ్ళి పంపు తిప్పేది.

"నీళ్ళు వృథా చెయ్యకు, మొక్కలకు కావాలి" అని ఇవతలి నుంచి కేకేసేది టైలరమ్మ.

స్కూలు మెట్ల మీద ఆ పిల్ల పడిపోయిందని కబురొచ్చేసరికి ఆమె ఎవరిదో గౌనుకు అంచు కుడుతోంది. ఆసుపత్రిలో పిల్ల చేతికి సెలైన్ పెట్టారు. పొడుగు చేతుల చొక్కా విప్పేసి, ఆసుపత్రి గౌను తొడిగారు. పుల్లల్లా మిగిలిన ఆ చేతులను తల్లి అప్పుడు చూసింది. టేపుతో ప్రతి వారం కొలిచిన చేతులే. లేడీ డాక్టరు భార్యాభర్తలిద్దరినీ మంచం పక్కన నిలబెట్టి చెప్పింది.

"తినట్లేదు. తిన్నది కూడా కక్కేస్తోంది. చాలా రోజుల నుంచి. గుండె కొట్టుకోవడం కూడా నెమ్మదించింది. మీరెవరూ గమనించలేదా?"

భర్త తల దించుకున్నాడు. టైలరమ్మ మంచం మీదికి వంగింది. "నీకోసమే కదమ్మా ఇదంతా. ఆ రోజు స్కూల్లో అందరూ నవ్వుతుంటే నీకెంత సిగ్గేసిందో నాకు తెలియదా? ఆ సిగ్గు నీకు జన్మలో ఉండకూడదనే కదా కడుపు కోయించుకున్నాను."

పిల్ల కళ్ళు పైకప్పు మీద నుంచి తిప్పలేదు. "నాకు సిగ్గేయలేదు. నవ్విన పిల్లను మర్నాడు కొట్టాను. నీకు చెప్పలేదు, అంతే."

టైలరమ్మ దుప్పటి అంచు సర్దింది.

"నువ్వు లావుగా ఉన్నప్పుడు నన్నెప్పుడూ లావని అనలేదు" అంది పిల్ల, ఫిర్యాదులా కాకుండా, జరిగింది జరిగినట్టు చెబుతూ.

ఎక్కడుంటే తినాలనిపిస్తుందని డాక్టరు అడిగింది. పిల్ల ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. "అత్త దగ్గర" అంది.

భార్య ముఖం వైపు చూడకుండా భర్త తీసుకున్న మొదటి నిర్ణయం ఇది. "అక్కను తీసుకొస్తాను" అని బయటికి నడిచాడు. ఆవిడ వచ్చింది. మరదలితో ఒక్క మాటా మాట్లాడలేదు, కసిరిందీ లేదు, ఓదార్చిందీ లేదు. మంచం అంచున కూర్చుంటే అది కిర్రుమంది. పిల్ల తల ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. టైలరమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది.

ముందు కోలుకునేదాకా అన్నారు. తరవాత పరీక్షలయ్యేదాకా అన్నారు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల అక్కడే ఉండిపోయింది, అక్కడి నుంచే చదువుకుంది. కోలుకోవడం తేలిగ్గా జరగలేదు, మధ్యలో రెండోసారి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. మెల్లగా ముఖంలోకి రంగు వచ్చింది. కొంచెం ఒళ్ళు కూడా వచ్చిందని విని టైలరమ్మ ఏమీ అనలేదు. అనే హక్కు ఎవరూ తీసేయలేదు, తనకే నోరు రాలేదు.

అప్పుడప్పుడు పిల్ల వచ్చేది. లోపలికి రాకుండా ముందుగదిలో, వచ్చినవాళ్ళు కూర్చునే చెక్క కుర్చీలో కూర్చునేది. "బాగున్నావా అమ్మా? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగేది. తగ్గాయనేది టైలరమ్మ. నిజంగానే తగ్గాయి, సుగరు కూడా అదుపులోకి వచ్చింది. డాక్టరు ఆమెను ఇతర రోగులకు చూపించి మెచ్చుకునేవాడు. ఇంటికొచ్చిన బిడ్డకు ఏ తల్లయినా ముందు తినడానికి ఏదో ఒకటి పెడుతుంది. ఆ ఒక్కటీ ఈ తల్లి చేయలేకపోయింది. పెడితే ఏమవుతుందో తెలియదు, పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు. మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చునేది. కాసేపటికి పిల్ల "వెళ్ళొస్తానమ్మా" అని లేచేది.

పెరడు మాత్రం విరగకాసింది. ఒక్క మనిషి చిన్న గిన్నెడు తింటే తరిగే కాపు కాదు అది. కోసినవన్నీ సంచిలో వేసి భర్త చేత అక్కడికి పంపేది. ఆయన తిరిగి రాగానే గుమ్మంలోనే అడిగేది.

"తిందా?"

"తింది."

"ఏమంది?"

"బాగున్నాయంది."

"ఎలా వండిందట మీ అక్క?"

ఆయన చెప్పులు విప్పుతూ ఏదో ఒకటి చెప్పేవాడు. ఒకసారి వేయించిందనేవాడు, ఒకసారి ఉడికించిందనేవాడు. ఆమె విని తల ఊపేది. మర్నాడు పాదుల దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు గడిపేది.

ఒకరోజు కొత్తగా ఒకామె బట్టలు కుట్టించుకోవడానికి వచ్చింది. మాటల్లో ఎక్కడుంటారని అడిగితే, వదిన ఇంటి పక్కిల్లే అని తేలింది. టైలరమ్మ ఆమె భుజాలు కొలుస్తోంది.

"మీ చిక్కుడుకాయలు భలే లేతగా ఉంటాయండీ" అంది ఆమె. "మీ వదినగారు సంచి వచ్చినట్టే మాకు ఇచ్చేస్తారు. అమ్మాయికి ఆ వాసన తగిలితేనే కడుపులో తిప్పుతుందటగా, అందుకని ఇంట్లోకి కూడా తీసుకెళ్ళరు. గుమ్మంలోంచే ఇటు అందిస్తారు. మా పిల్లలు ఇష్టంగా తింటారు."

టైలరమ్మ టేపు జారిపోకుండా పట్టుకుంది. "చెయ్యి కొంచెం ఎత్తండి" అంది. కొలతలన్నీ తీసుకుని, గుడ్డ మడిచి, ఎప్పటికి కావాలో అడిగి, ఆమెను గుమ్మం దాకా సాగనంపింది.

సాయంత్రం పెరట్లోకి వెళ్ళింది. తీగల నిండా కాయలున్నాయి. ముదరకముందే కోయాలి. లేత కాయలను ఒక్కొక్కటే తుంచి సంచిలో వేసి, భర్త బండి దగ్గర పెట్టింది. ఆయన తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"తిందా?" అని అడిగింది.

"తింది" అన్నాడాయన, ముఖం చూడకుండా. "బాగున్నాయంది."

"సరే" అంది టైలరమ్మ. ఆయనకు అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.